ఎలుకల సింహాద్రి కాశీయాత్రకు అభ్యంతరం

ఇంటిపేరన్నాక దానికో అర్థం ఉంటుందనీ, అర్థం ఉన్నాక దాన్ని నిర్ధారించడానికి ఒక ఆఫీసు ఉండాలనీ పెద్దలకు తోచేవరకు, రేవుపాలెం జనం ఇంటిపేర్లను చెప్పుల్లా వాడుకుంటూ వచ్చారు. బయటికి వెళ్లేటప్పుడు తొడుక్కోవడం, ఇంటికి రాగానే గుమ్మం దగ్గర విడిచెయ్యడం. వాటి అడుగున ఏముందో తిరగేసి చూసినవాడు లేడు.

చూసినవారు సంచాలకులుగారు. ఆయన ఒకసారి పది దేశాలు తిరిగి వచ్చారు. ఒక దేశంలో ఆయన రొట్టె కొన్న దుకాణదారు ఇంటిపేరు బేకర్. రొట్టెలు కాల్చేవాడని అర్థం. మనిషికీ ఇంటిపేరుకూ కుదిరిన ఆ పొందిక చూసి సంచాలకులుగారికి అక్కడికక్కడే కళ్లు చెమర్చాయట. ఐస్‌లాండ్‌లో తండ్రి పేరుకు ఒక తోక తగిలిస్తే అదే కొడుక్కి ఇంటిపేరనీ, స్పెయిన్‌లో ఆడపిల్ల పెళ్లయినా పుట్టింటిపేరు వదలదనీ విని నోటుపుస్తకంలో రాసుకున్నారు. తిరిగొచ్చాక మన దేశం చూస్తే ఆయనకు దిగులేసింది. బంగారువారు స్టీలు గిన్నెల్లో తింటున్నారు. గుర్రాలవారు సైకిళ్లు తొక్కుతున్నారు. నేతివారింట్లో డాల్డా. ఇలాంటి దేశం ఎలా బాగుపడుతుంది?

అందుకని ఆయన సంచాలకత్వంలోనే కుటుంబనామార్థ నిర్ధారణ సంస్థ వెలిసింది. "ఇందుమూలముగా సమస్త ప్రజలకు తెలియజేయునదేమనగా, ప్రతి వ్యక్తియు తన ఇంటిపేరునకు గల అర్థమును, సదరు అర్థమునకు తగిన జీవనమును నిరూపించుకొని ధ్రువపత్రము పొందవలెను. లేనిచో ప్రభుత్వ సౌకర్యములకు అనర్హులగుదురు" అని గోడలకు కాగితాలు అంటించారు. దేవుడు మనిషిని పుట్టించేటప్పుడు ఇంటిపేరు అడగలేదు కదా అని కొందరు భక్తులు సందేహపడ్డారు. ఆఫీసును పుట్టించింది దేవుడు కాదు కాబట్టి ఆ సందేహం చెల్లలేదు.

ఎలుకల సింహాద్రి ఆ కాగితం చదివాడు గాని తనకు సంబంధించింది అనుకోలేదు. ముప్పైమూడేళ్లు రేవుపాలెంలో పోస్టుమాన్‌గా చేసి రిటైరైన మనిషి. అతనికి తెలిసినంతవరకు ఇంటిపేరు ఒకందుకే పనికొస్తుంది. ఒకే వీధిలో నలుగురు అప్పలస్వాములున్నప్పుడు, ఉత్తరం ఏ అప్పలస్వామి గుమ్మంలో పడాలో అది చెబుతుంది. అంతకుమించి దాని మీద బరువు మోపితే అది మోస్తుందని అతను ఎన్నడూ అనుకోలేదు.

అప్పటికి అతని బుర్రలో ఉన్నదల్లా కాశీ. రెండేళ్ల కిందట భార్య పైడమ్మకు టైఫాయిడ్ తిరగబెట్టి, డాక్టర్లు తల అడ్డంగా ఊపిన రోజున, ఆస్పత్రి వరండాలో నిలబడి విశ్వనాథుడికి మొక్కుకున్నాడు. ఇది లేచి కూర్చుంటే ఇద్దరం కొంగుముడి వేసుకుని కార్తీక పున్నమినాడు గంగలో మునుగుతాం స్వామీ అని. ఆమె లేచి కూర్చుంది. లేచిన మర్నాడే ఆస్పత్రి సాంబారు మీద వంకలు పెట్టింది. మొదటి ఏడాది మోకాళ్ల నొప్పులతో సాగలేదు. ఈ ఏడు ప్రభుత్వమే పెద్దవాళ్ల కోసం ప్రత్యేకంగా కాశీ బండి వేసింది. పడుకోవడానికి చోటు, వేళకు భోజనం, పెట్టెకో డాక్టరు. దీపావళి వెళ్లిన మర్నాడు పేర్లు రాయించడానికి వెళితే యాత్ర గుమాస్తా అన్నాడు:

"ఇంక రెండు చోట్లే మిగిలాయి తాతగారూ. మీకోసం ఆపుతాను. అర్థపత్రాలు తెచ్చెయ్యండి. బండి ఏకాదశికి."

ఏకాదశికి పది రోజులుంది. పది రోజుల్లో రామేశ్వరం వెళ్లి రావచ్చు. అర్థపత్రం ఎంతసేపు?

*

సంస్థ ఆఫీసు పాత ఉప్పు గిడ్డంగిలో పెట్టారు. అధికారి చిదంబరేశ్వరరావుగారు. ఆయన ఇంటిపేరుకు ఏ భాషలోనూ అర్థం తేలలేదు. అందుచేత ఏ పక్షానికీ మొగ్గరని ఆయన్నే ఎంపిక చేశారు.

వరసలో సింహాద్రి పదమూడోవాడు. ముందున్నవారి సంగతులన్నీ చెవిన పడుతున్నాయి.

మిషన్ ఆస్పత్రి డాక్టరు టేలర్‌గారు నిలబడ్డారు. ఆ ఇంటిపేరుకు బట్టలు కుట్టేవాడని అర్థం.

"కుట్టుమిషను ఉన్నదా?" అన్నారు అధికారి.

"లేదండీ. నేను ఆపరేషన్లు చేస్తాను. కుట్లు వేస్తాను."

అధికారి కళ్లజోడు సర్దుకుని ఆలోచించారు. "వస్త్రమునకు బదులు చర్మము. వృత్తిసారూప్యము కలదు. మంజూరు."

డాక్టరుగారి వెనకాల అదే ఆస్పత్రి నర్సు మేరీక్కుట్టి. కేరళ మనిషి. వాళ్ల ఇంటిపేరు పుత్తన్‌పురక్కల్, అంటే కొత్తింటివారు. కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు వాళ్ల ముత్తాతలకు వచ్చిందట.

"ఆ గృహము నిర్మించి ఎన్నాళ్లయినది?"

"నూట పదేళ్లు సార్."

"అయితే కొత్తదెట్లగును? అర్థము గడువు తీరినది. పడగొట్టి మళ్లీ కట్టించి, ఫొటో జతచేసి రావలెను."

హైవే మీద ధాబా నడిపే సత్నాం సింగ్‌ది సులువుగానే తేలింది. సింగ్ అంటే సింహం కనుక అటవీశాఖవారి నిరభ్యంతర పత్రం తెమ్మన్నారు. "ఇరవై ఏళ్లుగా ఇక్కడ పప్పు వండుతున్నాను సాబ్, ఒక్కణ్ణీ కరవలేదు" అని ఆయన తెలుగులో మొరపెట్టుకున్నా లాభం లేకపోయింది. బర్మా కాలనీ ముసలమ్మది అన్నిటికన్నా చిక్కు. ఆమెది రంగూన్. తల్లి బర్మా మనిషి. అక్కడివాళ్లకు ఇంటిపేర్లే ఉండవట.

"లేదా?" అన్నారు అధికారి.

"లేదు బాబూ."

"లేకపోవుటకు అర్థమేమి?"

ముసలమ్మ కాసేపు ఆయన ముఖం చూసింది. "నాకు తెల్దు బాబూ. మీకు తెలిస్తే సెప్పండి, రాయించుకుంటాను" అంది. ఆ ఫైలు రాజధానికి పంపారు.

తర్వాత సింహాద్రి వంతు వచ్చింది.

"ఇంటిపేరు ఎలుకల. పేరు సింహాద్రి," అధికారి పైకి చదివారు. "మొదట ఎలుక, వెంటనే సింహము. దరఖాస్తుదారునకు స్వభావస్థిరత్వము లోపించినట్లున్నది. పోనిమ్ము, పేరు మా పరిధిలోనిది కాదు. ఎలుకలున్నవా?"

"ఎక్కడండీ?"

"మీ గృహమునందు."

"లేవండీ. మా ఆవిడ సేనా సుబ్రం."

అధికారి జాలిగా చూశారు. "ఎలుకలు లేకుండగా ఎలుకలవారెట్లు? ఎల్లుండి క్షేత్ర పరిశీలకుడు వచ్చును. సిద్ధముగా నుండవలెను."

*

ఇంటికొచ్చి ఈ మాట చెప్పేసరికి పైడమ్మ చీపురు కింద పడేసింది.

"ఎలకల్ని తేవాలా? ఈ ఇంట్లోకా? ఒలయ్యో, ముప్పైఎనిమిదేళ్లు కాపరం చేసి ఇంట్లో ఎలక పెంటిక కనపడకుండా సూసుకున్నదాన్ని. ఇప్పుడు పిలిసి పీటేసి కూకోబెట్టాలా?"

"కాసీకేనే పైడీ. రెండ్రోజులు. తరవాత పంపించేద్దాం."

"పొమ్మంటే పోడానికి అయ్యేమన్నా మీ అన్నదమ్ములా? అవునులే, వాళ్లూ పోరు."

రేషన్ డిపో వెనక గదిలో ఎలుకలకు కొదవ లేదు. సింహాద్రి డిపోవాణ్ణి బతిమాలి, ఒక రేకు డబ్బాలో మూడింటిని అరువు తెచ్చాడు. దేవుడి గదిలో వినాయకుడి పటం ముందు దణ్ణం పెట్టి, తప్పయితే మన్నించమని చెప్పి, వంటింట్లో వదిలాడు. ఒకటి వెంటనే పప్పుడబ్బా వెనక్కి దూరింది. పైడమ్మ ఆ పూట వంట పెరట్లో చేసింది.

పరిశీలకుడు తవిటినాయుడు చెప్పిన వేళకే వచ్చాడు. కొత్త ఉద్యోగం, కొత్త చేతిసంచి. వంటింటి గడప మీద గొంతుకూర్చుని అరగంట చూశాడు. రెండు కనిపించాయి. "శాశ్వత నివాసులా, వచ్చిపోయేవా?" అని అడిగాడు.

"తాతలనాటినుంచీ ఉన్నాయి బాబూ," అన్నాడు సింహాద్రి. కాశీకి వెళ్లేలోగా ఆడిన అబద్ధాలన్నీ గంగలోనే కలుస్తాయని ధైర్యం.

"చాలా తృప్తికరం. ఇలాంటి ఇల్లు ఈ మండలంలో ఇదే మొదటిది," అంటూ తవిటినాయుడు రాసుకుంటున్నాడు. సరిగ్గా అప్పుడు మూడో ఎలుక పైడమ్మ పాదం మీదుగా పరుగెత్తింది. ఆమె ఓర్పు అంతటితో సరి.

"సీ! ఏటీ కర్మ! మా పుట్టింట ఎలకన్నదే నేను సూళ్లేదు. ఎలక మా గుమ్మం తొక్కాలంటే గుండెలుండాలి!"

"ఎందుకమ్మా? మీ పుట్టింటివారు ఎవరు?" అని తవిటినాయుడు మర్యాదకు అడిగాడు.

"పిల్లివారు."

తవిటినాయుడి కలం ఆగిపోయింది. అతను పైడమ్మను చూశాడు. సింహాద్రిని చూశాడు. మళ్లీ పైడమ్మను చూసి, గడప మీంచి లేచి, సంచి గుండెలకు హత్తుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

"తాతగారూ," అన్నాడు గొంతు తగ్గించి. "మీరు ఎన్నాళ్లుగా ఈవిడతో ఉంటున్నారు?"

*

విచారణ మర్నాడు పెట్టారు. స్పెయిన్ సూత్రం ప్రకారం ఆడదానికి పుట్టింటిపేరు పెళ్లితో పోదని సంచాలకులుగారు సవరణ జారీచేసి అప్పటికి వారమే అయింది.

"దరఖాస్తుదారులిరువురి నడుమ భక్ష్యభక్షక సంబంధము కలదు," అని చిదంబరేశ్వరరావుగారు తేల్చారు. "ఒకే పెట్టెలో రెండు దినములు ప్రయాణము అనుమతించజాలము. రైలులో భక్షణ జరిగినచో బాధ్యత ఎవరిది?"

"అయ్యా, ముప్పైఎనిమిదేళ్లయింది," అన్నాడు సింహాద్రి. "ఇంతదాకా ఏమీ జరగలేదు కదండీ."

"ఇంతదాకా జరగకపోవుట ఇకమీదట జరగకపోవుటకు హామీ కాదు. అమ్మా, మీరేమందురు?"

పైడమ్మ కొంగు భుజం నిండా కప్పుకుంది. "ముప్పైఎనిమిదేళ్లు తినకుండా వొగ్గేసినానంటే రుసి లేకే గదా బాబూ. ఇప్పుడు రైల్లో తింటానా? ఆ బండిలో బోయనం కూడా పెడతారంట."

చిదంబరేశ్వరరావుగారు ఆ మాటను అలాగే ఫైలులో రాయించారు. "భక్షణకు ప్రతిబంధకము రుచి లేమి మాత్రమే. ప్రమాదము తొలగలేదు." ఆనాటి నుంచి ముందుజాగ్రత్తగా రోజుకు రెండుసార్లు తవిటినాయుడు వాళ్లింటికొచ్చి, వీధిలోంచే "తాతగారూ, ఉన్నారా?" అని కేకేసేవాడు. సింహాద్రి "ఉన్నాన్నాయనా" అంటే సంతకం చేసుకుని పోయేవాడు. ఒకరోజు సింహాద్రి స్నానం చేస్తూ పలకలేదు. గేటు దగ్గర తవిటినాయుడు ఏడ్చినంత పనిచేశాడు.

"లేడు బాబూ. ఇప్పుడే కానిచ్చినాను. కాసింత ఉప్పు తక్కువైంది," అంది పైడమ్మ లోపల్నుంచి.

అది కూడా ఫైలులోకి వెళ్లింది.

ఒక దారి ఉందని ఆఫీసులోనే చెప్పారు. పైడమ్మను వేరే ఇంటిపేరువారు దత్తత తీసుకుంటే పిల్లి అర్థం రద్దవుతుంది. కాకపోతే కొత్త ఇంటిపేరు ఎలుకతో పొసగాలి. సింహాద్రి కళ్లు మూసుకుని మనసులో సైకిలెక్కి, పాత బీటులో వీధివీధీ తిరిగాడు. ధాన్యంవారున్నారు. ఎలుక ధాన్యం తింటుంది, అప్పుడు మొగుడి వల్ల పెళ్లానికి ప్రమాదం. కొబ్బరివారు, బెల్లంవారు, పట్టువారు, అందరికీ అదే చిక్కు. ఎలుక కొరకనిది ఈ లోకంలో దేవుడు ఏం సృష్టించాడా అని ఆలోచించాడు. బోనువారున్నారు. ఆ గుమ్మం దగ్గర మనసులోనే సైకిలు దిగకుండా ముందుకు పోయాడు. చివరకు చేపల బజారు మూల మీద ఆగాడు. రాయివారు. రాయిని ఎలుక కొరకదు, ఎలుకను రాయి తినదు.

రాయి గవరయ్యది సైకిలు షాపు. వయసు నలభైనాలుగు. పైడమ్మకు యాభైతొమ్మిది. కథంతా విని గవరయ్య పంక్చరు వేస్తున్న ట్యూబు పక్కన పెట్టి నిలబడ్డాడు.

"కాశీ పుణ్యం కదా మావా, నాకేం అభ్యంతరం? రా అమ్మా, కూతురా," అన్నాడు చేతులు చాపి.

"నోర్ముయ్యరా. నీ పెళ్లిలో నీకు నలుగు పెట్టింది నేను," అంది పైడమ్మ. అయినా కాశీ కోసం దత్తత కాగితం మీద వేలిముద్ర వేసింది.

ఆ కాగితంతో వెళితే చిదంబరేశ్వరరావుగారు నిజంగా సంతోషించారు. "రాయి. నిరపాయకరమైన పదార్థము. భేష్." అంతలో ఆయన ముఖం మళ్లీ గంభీరమైంది. "కాని సింహాద్రిగారూ, మీరు వివాహమాడినది పిల్లివారి కన్యను. ఈమె రాయివారి కన్య. నిన్న సాయంత్రము దత్తతయైనది. ఈమెకు ఇంకను వివాహము కాలేదు."

"అయ్యా!"

"అవివాహిత కన్యను పరపురుషునితో కాశీకి పంపుటకు సంప్రదాయమొప్పునా? మీరే చెప్పుడు. మీరు భక్తులు."

సింహాద్రి భక్తుడే. అయినా ఆ ప్రశ్నకు ఏ పురాణంలోనూ జవాబు విన్న గుర్తు లేదు. మళ్లీ పెళ్లి చేసుకుందామంటే, గవరయ్య కన్యాదానానికి సిద్ధమే గాని, పంచాంగంలో వాళ్లిద్దరి నక్షత్రాలకు మంచి ముహూర్తం పున్నమి దాటాకే ఉంది. దత్తత రద్దు చేయించుకున్నారు. పైడమ్మ మళ్లీ పిల్లివారి పిల్ల అయింది. అప్పటికి ఏకాదశికి మూడు రోజులుంది.

*

ఆ సాయంత్రం సింహాద్రి వినాయకుడి గుడికి వెళ్లి స్తంభానికి చేరగిలి కూర్చున్నాడు. అర్చకుడు సోమయాజులుగారు హారతి పళ్లెం కింద పెట్టి, సంగతి విని, నవ్వాపుకుని అన్నారు:

"ఇందులో చింతేముందయ్యా? ఎలుక ఎవరి వాహనం? ఎదురుగా చూడు. స్వామి పాదాల దగ్గర కూర్చుంది. స్వామిని మోసుకు తిరిగేదాన్ని ముట్టుకునే పిల్లి ఈ మూడు లోకాల్లో ఉందా? నేను రాసిస్తాను, తీసుకెళ్లు."

ఆయన ఒక తెల్లకాగితం మీద, ఎలుకలవారు శ్రీ విఘ్నేశ్వరస్వామివారి రక్షణలో ఉన్నారనీ, ఏ పిల్లివల్లా వారికి భయం లేదనీ రాసి, పసుపు బొట్లు పెట్టి, గుడి ముద్ర వేసి ఇచ్చారు. సింహాద్రి ఆ కాగితాన్ని కళ్లకద్దుకున్నాడు. ఇంత తేలికైన దారి ఇన్నాళ్లూ తోచనందుకు చెంపలు వేసుకున్నాడు.

చిదంబరేశ్వరరావుగారు కాగితం రెండుసార్లు చదివారు. లేచి నిలబడి నమస్కరించారు కూడా.

"పిల్లి అభ్యంతరము ఈ క్షణముననే ఎత్తివేయుచున్నాను. పైడమ్మగారి ధ్రువపత్రము ఇదిగో." ముద్ర పడింది. సింహాద్రికి కళ్లముందు గంగ కనిపించింది.

"మరి నాదండీ?"

"మీరు ఇప్పుడు స్వామివారి వాహనమని రుజువైనది కదా. స్వామివారి వాహనము స్వామివారి ఆస్తి. గుడి ఆస్తిని దేవాదాయశాఖ అనుమతి లేకుండగా ఊరి పొలిమేర దాటించుట నేరము. వెండి గొడుగు, పల్లకి, గంటలు, మీరు. అన్నిటికీ ఒకే నియమము."

"అనుమతి ఎన్నాళ్లకు వస్తుందండీ?"

"గత ఏడాది గుడిగంట మరమ్మతుకు అడిగినారు. ఇంకను రాలేదు. అంతవరకు మీరు గుడి ఆస్తుల జాబితాలో నుందురు. ఏటేటా లెక్కచూచునప్పుడు గుడి వద్ద హాజరు కావలెను."

సింహాద్రి బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. ముప్పైమూడేళ్ల సర్వీసులో అతను పై అధికారికి ఎదురు చెప్పి ఎరగడు. ఇప్పుడూ గొంతు పెంచలేదు.

"అయ్యా, ఒక్క మాట అడగొచ్చునాండీ? నేను ఉత్తరాలు పంచినవాణ్ణి. గుర్రాలవారింటికి ఎన్నోసార్లు వెళ్లాను. గుర్రం ఉందా అని ఎప్పుడూ అడగలేదు. ఉత్తరం ఇచ్చి వచ్చేశాను. ఉత్తరం చేరింది. ఇన్నాళ్లూ అర్థాలు చూడకుండానే అన్నీ చేరినప్పుడు, చూడ్డం వల్ల ఇప్పుడేం చేరుతుందండీ?"

చిదంబరేశ్వరరావుగారు మంచి మనిషే. ఆ ప్రశ్న ఆయన్ని కాస్త ఇబ్బంది పెట్టింది. కిటికీలోంచి చూశారు. సొరుగు తెరిచి మూశారు.

"ఇది విధానపరమైన ప్రశ్న," అన్నారు చివరకు. "నమూనా పదకొండులో రాసి, మూడు ప్రతులు సమర్పించుడు."

*

ఏకాదశినాడు ప్లాట్‌ఫారం మీద కాశీ ప్రత్యేక బండి మామిడాకులు కట్టుకుని నిలబడింది. చోట్లన్నీ ఎప్పుడో నిండినా, పదిహేను పెట్టెల బండికి పత్రాలు చూపించి నలభైమందే ఎక్కారు. అందులో ముప్పైమంది సంస్థ ఉద్యోగులే. పత్రాలు త్వరగా దొరికింది వాళ్లకే.

"ఎక్కవే," అన్నాడు సింహాద్రి. "నీ పత్రం నీకుంది. నువ్వయినా మునుగు. నా పేరు చెప్పి ఇంకో మునక వెయ్యి, సాలు."

పైడమ్మ బండిలోకి తొంగి చూసింది. మెత్తటి పరుపులు, ఫ్యాన్లు, తెల్ల దుప్పట్లు. చాలాసేపే చూసింది. మోకాలు ఒకసారి రుద్దుకుంది.

"ఇద్దరం కొంగుముడి ఏసుకు మునుగుతామని మొక్కింది నువ్వు. ముడి ఎవరితో ఎయ్యమంటావు? ఆ కిటికీ సువ్వతోనా?"

"మరేటి సేద్దామంటావు?"

"మామూలు బండి ఎన్నింటికి?"

మామూలు బండి మధ్యాహ్నం. రిజర్వేషన్లు ఎప్పుడో అయిపోయాయి. జనరల్ పెట్టెలో నిలబడటానికే చోటు లేదు. ఒక పెద్దాయన తన మూటను ఒళ్లోకి తీసుకుని పైడమ్మకు జానెడు చోటిచ్చాడు. సింహాద్రి ఆమె కాళ్ల దగ్గర, నేల మీద, పత్రిక పరుచుకుని కూర్చున్నాడు. టికెట్లు చూసేవాడు వచ్చి టికెట్లు చూశాడు. ఇంకేమీ చూడలేదు. సింహాద్రి తన చేతిలోని టికెట్టు కాసేపు అటూఇటూ తిప్పాడు. ఇది ఇంత తేలికా అని అతనికి అనుమానం.

"మీదేవూరు? ఇంటిపేరేటి?" అని చోటిచ్చిన పెద్దాయన అడిగాడు. మన రైళ్లలో అది తప్పదు కదా.

భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఎలుకలవారు," అంది పైడమ్మ చివరకు.

"ఓహో! మా వియ్యంకుడి మేనత్తని ఎలుకలవారికే ఇచ్చారు. ఏ ఎలుకలవారు, పార్వతీపురంవారా?" అని ఆయన మొదలుపెట్టి, ఒడిశా దాటేవరకు చుట్టరికాలు తవ్వాడు. చివరకు ఏదో ఒకటి కలిసింది. పులిహోర పొట్లం విప్పాడు.

ఒకటిన్నర రోజు అలా గడిచింది. రెండో రోజుకు పైడమ్మ మోకాళ్లు బూరెల్లా వాచాయి. దిగినప్పుడు సింహాద్రి ఆమెను మెట్టు మెట్టుకూ పట్టుకుని దింపాడు. పున్నమినాడు ఘాటు మెట్లు దిగడానికి ముప్పావుగంట పట్టింది.

ఒడ్డున తెలుగు పురోహితుడు తాటాకు గొడుగు కింద కూర్చున్నాడు. జిల్లా అడిగాడు, ఊరు అడిగాడు, ఆ తర్వాత ఇంటిపేరు అడిగాడు. సింహాద్రి అటూ ఇటూ చూసి చెప్పాడు. ఆయన నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. వెనక్కి తిరిగి, గుడ్డ చుట్టిన పొడుగాటి పుస్తకాల దొంతరలో చెయ్యిపెట్టాడు. జిల్లాకో వరస, ఊరికో మూట, ఇంటిపేరుకో దారం. పోస్టాఫీసులో ఉత్తరాలు విడగొట్టే బల్ల లాగే ఉంది అనుకున్నాడు సింహాద్రి. పని తెలిసినవాళ్లు పేర్చింది.

"ఎలుకలవారు, రేవుపాలెం. ఇదిగో. ఎలుకల గంగయ్య, భార్య నూకాలు. కాలినడకన వచ్చారు. వేలిముద్ర ఉంది చూడు. నీకేమవుతారు?"

"మా తాతండీ," అన్నాడు సింహాద్రి. తాత కాశీ వచ్చాడని ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. ఆ నల్లటి ముద్ర మీద వేలు ఆనించబోయి, చెరిగిపోతుందేమోనని వెనక్కి తీసుకున్నాడు.

పురోహితుడు పుస్తకంలో కొత్త గీత గీసి ఇద్దరి పేర్లూ రాశాడు. "అమ్మా, పుట్టింటివారెవరు?"

"పిల్లివారు," అంది పైడమ్మ కాస్త భయంగానే.

"పిల్లివారి ఆడపడుచు," అని రాసుకున్నాడు ఆయన. అలా రాస్తూనే సింహాద్రి కండువా అంచూ, ఆమె కొంగూ అందుకుని ముడివేశాడు. "గట్టిగానే వేశాను. అడుగున పాచి ఉంటుంది. ఒకళ్లనొకళ్లు వదలకండి."

నీళ్లు చల్లగా ఉన్నాయి.

*

తిరిగి రేవుపాలెం వచ్చేసరికి తలుపు కింద నోటీసు పడి ఉంది.

"ఎలుకల సింహాద్రి అను మీరు, అనుమతి లేకుండగా, పిల్లివారి ఆడపడుచుతో, ఒకే పెట్టెలో, ఒకటిన్నర దినము ప్రయాణించి, సజీవముగా తిరిగివచ్చినట్లు మా దృష్టికి వచ్చినది. ఇందువలన సంస్థ చేసిన నిర్ధారణ తప్పని జనులు తలచు ప్రమాదము కలదు. కావున సదరు ప్రయాణమున భక్షణ జరుగకపోవుటకు కారణమేమో ఏడు దినములలో లిఖితపూర్వకముగా తెలుపవలెను."

పైడమ్మ వాచిన మోకాళ్లకు వేడి ఉప్పు కాపడం పెట్టుకుంటూ విన్నది. "రాయి. ఉప్పు తక్కువైందని రాయి," అంది.

సింహాద్రి పీట వేసుకుని, తొడ మీద అట్ట పెట్టుకుని, కలం మూత తీశాడు. చాలాసేపు ఆలోచించాడు. అతను అబద్ధాలన్నీ గంగలో వదిలి వచ్చాడు, కొత్తవి ఆడదలచుకోలేదు. పోస్టుమాన్ చేతిరాతతో, గుండ్రంగా, ఇలా రాశాడు:

"గౌరవనీయులైన అధికారిగారికి. మీరడిగిన కారణం నాకు తెలియదు. నీళ్లలో ఆవిడ కాలు జారింది. నేను పట్టుకున్నాను. తరవాత నాది జారింది. ఆవిడ పట్టుకుంది. ఇందులో ఎవరు ఎలుక, ఎవరు పిల్లి అన్నది ఆ సమయంలో మేమిద్దరం గమనించలేదు. ఇట్లు, విధేయుడు."

మడిచి కవరులో పెట్టి, అంటించి, స్వయంగా వెళ్లి పోస్టు డబ్బాలో వేశాడు. ఇంటికొచ్చేసరికి పైడమ్మ చీపురు పట్టుకుని, కుంటుకుంటూ, పప్పుడబ్బా వెనక వెతుకుతోంది.

"తలుపు తియ్యి," అంది. "మీవాళ్లు ఇంకా ఎల్లలేదు."